చెట్టు మీది సముద్రం

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్ళజోడుకు ఆనించినంత పని చేసింది. "చూడు మామ్మా, మీ కోనసీమ" అంది. ఎవరో డ్రోను ఎగరేసి తీసిన బొమ్మట. కింద కొబ్బరి మట్టలు, మట్టలు, ఇంకా మట్టలు. మధ్యలో ఎక్కడో ఒక కాలవ, ఒక పెంకుటిల్లు, మళ్ళీ మట్టలు. బొమ్మ మెల్లగా పైకి లేచి, ఇంకా పైకి లేచి, చిట్టచివర అంచున ఒక నీలం గీత కనబడగానే నేను "అదిగో!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే వంటింట్లోంచి మా కోడలు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"సముద్రమే కదా మామ్మా, దానికింత అరుపెందుకు?" అని మనవరాలు నవ్వింది.

సముద్రమే కదా అంట! దానికేం తెలుసు. అది సముద్రమా కాదా అని మా ఇంట్లో ఒక మొగుడూ పెళ్ళాం పెళ్ళైన కొత్తల్లో మొదలుపెట్టి, మనవలు పుట్టి బడికెళ్ళేదాకా పోట్లాడుకున్నారు. వాళ్ళు మా అమ్మమ్మా తాతయ్యా.

తాతయ్య కొబ్బరి దింపు తీసేవాడు. అంటే కాళ్ళకు తాడుతో బంధం వేసుకుని చెట్టెక్కడం, ముదిరిన గెల ఏదో లేతది ఏదో చూసుకుని కత్తితో కోసి కిందికి దింపడం. అమలాపురానికి దక్షిణంగా కాలవ గట్టు మీద వాళ్ళ పేట. చుట్టూ రైతుల కొబ్బరి తోటలు. పొద్దుగూకులూ ఆయన ఏదో ఒక చెట్టు మీదే ఉండేవాడు. కిందికి దిగితే మాటలు తక్కువ. ఊళ్ళో కబుర్లు మాత్రం అందరికంటే ముందు ఆయనకే తెలిసేవి: ఎవరింటికి చుట్టాలొస్తున్నారు, ఎవరి గేదె ఎవరి చేలో పడింది, పాస్టరుగారి సైకిలు ఏ గుమ్మం ముందు ఆగింది. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు నేనూ మా తమ్ముడూ ఏ తోటలో ఏ మామిడికాయ దొంగతనంగా కోసినా ఆయన కంట పడకుండా పోయేది కాదు. ఎక్కడో పైనుంచి, "ఉప్పేసుకు తినండర్రా, పళ్ళు పులిసిపోతాయి" అని వినపడేది. తలెత్తి చూస్తే మట్టల మధ్య రెండు పాదాలు తప్ప ఏమీ కనబడేది కాదు.

ఆ తోటల్లో ఒక చెట్టుండేది. పెద్ద రైతుగారి తోటకి దక్షిణం మూల. చుట్టుపక్కల చెట్లన్నిటి తలల మీదుగా దాని తల ఉండేది. గాలికి ఊగుతుందని మిగతా దింపువాళ్ళు దాని జోలికి పోయేవారు కాదు. తాతయ్య ఒక్కడే ఎక్కేవాడు. వయసులో ఉండగా మొదటిసారి ఎక్కినప్పుడే చూశాడట, దక్షిణాన చెట్లన్నీ అయిపోయిన చోట ఒక నీలం గీత. ఆకాశం కంటే ముదురు నీలం. కదలదు, మెదలదు. ఆ సాయంత్రం దిగొచ్చి కొత్త పెళ్ళాంతో చెప్పాడు, నేను సముద్రం చూశానని.

"నీ మొహం సముద్రం" అంది అమ్మమ్మ.

అప్పటినుంచీ అదే మాట. తాతయ్య ఆ చెట్టెక్కి దిగినప్పుడల్లా ఇంట్లో ఇదే రామాయణం. పేటలో వాళ్ళు ఒకడు మబ్బన్నాడు, ఒకడు వైనతేయ ఏరన్నాడు, ఒకడైతే కల్లు పాక మీదుగా వెళ్ళేవేమో అన్నాడు. వాళ్ళ మాట తాతయ్య పట్టించుకునేవాడు కాదు. అమ్మమ్మ మాటకే ఒళ్ళు మండిపోయేది.

"ఆదివారం ఆదివారం పాస్టరుగారు గలిలయ సముద్రం అంటే ఆమెన్ అంటావు. అది నువ్వు చూసేవా? నేను కళ్ళారా చూసింది చెప్తే మాత్రం నీ మొహం అంటావు!"

"గలిలయలో యేసయ్య నడిచేరు గాబట్టి ఆమెన్ అన్నాను. నీ సముద్రంలో ఎవరు నడిచేరయ్యా?" అనేది అమ్మమ్మ, కొబ్బరి పీచు తాడు పేనుతూ, తల కూడా ఎత్తకుండా. ఆవిడ పేనిన తాడుతోనే ఆయన చెట్లెక్కేవాడు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ ఎప్పుడూ పేచీ లేదు.

విచిత్రం ఏమిటంటే, సముద్రం అక్కడికి అంత దూరమేమీ కాదు. తెల్లారే బయల్దేరి నడిస్తే ఎండెక్కేవేళకి చేరిపోవచ్చు. అయినా పేటలో సముద్రం చూసినవాళ్ళు లేరు. పనున్నవాళ్ళు పనికెళ్తారు, చుట్టాలున్నవాళ్ళు చుట్టాలింటికెళ్తారు. ఊరికే చూసి రావడానికి వెళ్ళడమన్న ఆలోచనే ఎవరికీ లేదు.

నాకు పదేళ్ళప్పుడు, ఆ వేసవిలో మేం వెళ్ళేసరికి ఇల్లు ఇల్లులా లేదు. మా నాన్నకి మెట్టలో ఉద్యోగం, కాబట్టి ఏడాదికోసారే మా రాక. ఎప్పుడూ గుమ్మంలో అడుగుపెట్టకముందే వాళ్ళ పోట్లాట వినిపించేది, ప్రాణానికి హాయిగా ఉండేది. ఆసారి నిశ్శబ్దం. తాతయ్య అరుగు మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. వానలకి నాచు పట్టిన చెట్టు మీంచి జారాడట. ఎత్తు తక్కువ కాబట్టి బతికాడు. మోకాలు మాత్రం వాచిపోయి, తగ్గినా మునుపటిలా వంగడం లేదు. అమలాపురం డాక్టరుగారు ఇక చెట్టెక్కడం కట్టిపెట్టమన్నారు.

అమ్మమ్మ ఊరికే ఉండలేక తనే తగువు మొదలెట్టేది. "ఏవయ్యా, నీ సముద్రం ఎండిపోయిందా ఏటి?" అనేది. ఆయన పలికేవాడు కాదు. ఆవిడ ఇంకో రెండు మాటలని, వంటింట్లోకెళ్ళి గిన్నెల మీద కోపం చూపించేది.

ఒకరోజు పొట్టిక్కలు పెడుతోంది. పనసాకులతో కుట్టిన బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికించేవి. ఆ పనసాకు వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఆకలేస్తుంది. కొబ్బరి పచ్చడితో తాతయ్యకి పెట్టింది. ఆయన ఒకటి విరిచి, తినకుండా, "ఇంక ఎక్కలేను కదే. అదేంటో తేలకుండానే పోతాను" అన్నాడు.

అంతే అన్నాడు. అమ్మమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "సాల్లే సంబడం. రేపు బయల్దేరదాం. ఒకసారి చూసేత్తే ఆ పిచ్చొదులుద్ది" అంది. ఆయన్ని గెలిపించడానికి కాదు సుమా, ఓడించడానికే బయల్దేరదీసింది. అలాగని నాతో చెప్పింది కూడా. "అది సముద్రం కాదని ఆయన కళ్ళతోటే చూపిత్తాను, చూడు" అంది.

నేనూ తమ్ముడూ ఎగిరి గంతేశాం. మేమూ సముద్రం చూడలేదు మరి.

ఇప్పుడైతే కారెక్కి గంటలో వెళ్ళిపోతారు. అప్పట్లో మా ప్రయాణానికి దారి వేసేది చుట్టాలు. తిన్నగా దక్షిణానికి నడిస్తే దగ్గరే, కానీ ఆ దారిలో మాకెవరూ లేరు. అమ్మమ్మ చెల్లెలు వైనతేయకి అవతల పాశర్లపూడిలో ఉంది. కాబట్టి ముందు అవతలికి దాటాలి, వాళ్ళింట్లో పడుకోవాలి, పొద్దున్నే ఏటి మీద దిగువకు పోయే పడవేదైనా పట్టుకోవాలి. అన్నం మూట మాది, పడక చుట్టాలది, నడక కాళ్ళది. ఒక చాపలో దుప్పట్లు చుట్టి, అమ్మమ్మ తను పేనిన తాడుతో బిగించి కట్టింది. మాగాయ కలిపిన అన్నం అరిటాకులో చుట్టింది. మామిడికాయలు మా జేబుల్లో మేమే పెట్టుకున్నాం, ఎక్కడివని ఎవరూ అడగలేదు.

బస్సు దిగి బోడసకుర్రు రేవుకి చేరేసరికి పంటి ఇవతలే ఉంది. రెండు పెద్ద పడవల్ని జోడించి పైన చెక్కలు పరిచిన వాహనం అది. దాని మీదకి మనుషులు, సైకిళ్ళు, కోళ్ళ గంపలు, పెళ్ళికెళ్ళే ఒక మేళం, ఎక్కనని మొరాయించే ఒక ఎద్దు. ఎద్దుని తోకపట్టి నెట్టడంలో మా తమ్ముడు కూడా సాయం చేసి పంచె కట్టుకున్నవాళ్ళందరి మీదా బురద చిమ్మించాడు. రేవు వదలగానే ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళని, "మీరెవరి తాలూకా అండీ?" అని అడగడం మొదలెట్టారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా మా వైపు ఏ ఏరూ దాటలేరు. అవతలి గట్టు చేరేలోగా అమ్మమ్మకి ఒక వరస కలిసిన వదినగారు, ఆవిడిచ్చిన అరడజను తాటిముంజలూ దొరికాయి.

"సముద్రం చూడ్డానికండీ? ఆయ్, మంచిదండీ" అని ఆ వదినగారు అంది. అని, పక్కావిడతో మెల్లగా, "పాపం, పెద్దాయనకి ఏదో మొక్కుంటాదండీ" అంది. ఊరికే వెళ్తున్నామంటే ఆవిడకి నమ్మకం కుదరలేదు.

తాతయ్య ఏటి మధ్యకొచ్చాక లేచి నిలబడ్డాడు. ఆయన నీళ్ళని చూసినంతసేపు నేను ఆయన మొహాన్నే చూశాను. తల అడ్డంగా ఊపాడు. "ఇదైతే కాదు. ఇది బూడిద రంగు" అన్నాడు. అమ్మమ్మ వినీ విననట్టు ముంజ ఒలుచుకుంది.

చిన్నమ్మమ్మ ఇంట్లో రాత్రి ఎలా గడిచిందో నాకు గుర్తులేదు. ఎండురొయ్యలూ బీరకాయా కూర మాత్రం గుర్తుంది. పెరట్లో సంపెంగ చెట్టు వాసన గుర్తుంది. తెల్లవారుతూనే చిన్నమ్మమ్మ మొగుడు ఏటి గట్టున ఒక పడవాయన్ని మాట్లాడిపెట్టాడు. సరుగుడు కర్రల కోసం ఖాళీ పడవ సముద్రం ఒడ్డునున్న కరవాక వైపు పోతోంది. "పాటు మొదలైందండీ, నీళ్ళు సముద్రంకేసి లాగుతున్నాయి, తెడ్డెయ్యక్కర్లేకుండా దిగిపోతాం. ఎక్కండి, ఎక్కండి" అన్నాడు పడవాయన. వెళ్ళేటప్పుడు ఖాళీయే కదా అని ఏమీ అడగలేదు కూడా. తాతయ్య మాత్రం ఊరుకోక దారంతా పడవలో చేరిన నీళ్ళు తోడిపోస్తూనే ఉన్నాడు.

ఆ పొద్దు గురించి ఎలా చెప్పాలో నాకు ఈనాటికీ తెలీదు. ఏరు నిద్రపోతున్నట్టుంది, కానీ మేం పోతూనే ఉన్నాం. గట్లు మెల్లగా దూరం జరిగాయి. కొబ్బరిచెట్లు తగ్గి, నీళ్ళలో వేళ్ళు దిగేసుకున్న మడచెట్లు వచ్చాయి. తెల్ల కొంగలు వాటి మీద, కదిలితే చెట్లే లేచి ఎగిరినట్టు గుంపంతా ఒక్కసారి లేచేవి. ఇంత పెద్దది ఇన్నాళ్ళూ మా అమ్మమ్మగారింటికి ఇంత దగ్గరలో ఉంటే మేం కాలవలో ఈదుకుంటూ అదే లోకమనుకున్నామా అని మనసంతా ఒకలా అయిపోయింది.

తమ్ముడు మాత్రం తన పనిలో ఉన్నాడు. ఏరు ఎక్కడ సముద్రమవుతుందో కనిపెడతానని, వేలు ముంచడం, నాకడం. "ఇంకా ఏరే" అనేవాడు. కాసేపాగి మళ్ళీ నాకి "కొంచెం సముద్రం" అనేవాడు.

"బాబూ, వేసంకాలంలో ఉప్పునీళ్ళు మా రేవు దాటి పైకొచ్చేత్తాయి. నువ్వు రాత్రి నుంచీ సముద్రంలోనే ఉన్నట్టు లెక్క" అని పడవాయన పడీ పడీ నవ్వాడు.

అప్పుడు వినిపించింది. మొదట దూరంగా ఎక్కడో బస్సు పోతున్నట్టు. కానీ అది పోవడం లేదు. అలాగే ఉంది. తాతయ్య నీళ్ళు తోడటం ఆపేశాడు.

"ఆ మోతేటండీ?" అన్నాడు.

"సముద్రమేనండీ."

"మోత చేత్తాదా అది?"

పడవాయన నవ్వుదామనుకుని, ఆయన మొహం చూసి మానేశాడు. "ఆయ్. రాత్రీ పగలూనండీ" అన్నాడు. తాతయ్య మళ్ళీ తోడటం మొదలెట్టాడు, కానీ తోడిన నీళ్ళు పడవలోనే పోసుకుంటున్నాడు. ఆయనకి భయమేసిందని నాకప్పుడు అర్థమైంది. చెట్టు మీద నుంచి ఆయన చూసింది ఎప్పుడూ ఏ చప్పుడూ చెయ్యలేదు.

కరవాకలో దిగి సరుగుడు తోటలోంచి నడిచాం. కింద రాలిన సరుగుడాకు మెత్తగా ఉంది, దాటగానే ఇసక కాలిపోతోంది. అమ్మమ్మ ముందు, మేం వెనక, తాతయ్య కుంటుకుంటూ అందరికంటే వెనక. ఇసకదిబ్బ ఎక్కేటప్పుడు అమ్మమ్మ ఎందుకో ఆగింది. వెనక్కి తిరిగి, "రావయ్యా, నువ్వే ముందు చూడు" అంది. ఆయన దిబ్బెక్కేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు.

తర్వాత మేం ఎక్కాం.

ఏం చెప్పను! తమ్ముడు ఉన్నపళంగా కూర్చుండిపోయాడు. అంత నీరు ఉంటుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అయినా నాకేమీ తెలీదని అప్పుడు తెలిసింది. అవతలి గట్టు కోసం కళ్ళు వెతుక్కుంటూ పోతున్నాయి, ఎక్కడా ఆగడానికి చోటు లేదు. మనిషెత్తు అలలు లేచి విరిగి, దిబ్బ మొదలు దాకా తెల్లటి నురగతో పరిగెత్తుకొచ్చి, ఏమీ ఎరగనట్టు వెనక్కి పోతున్నాయి. ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు. దుఃఖం మాత్రం కాదు.

అమ్మమ్మ గుళ్ళో ప్రార్థనప్పటిలా తలమీద కొంగు కప్పుకుంది. "నా తండ్రీ, ఇంత చేసేవా! ఇంత చేసి, ఇక్కడే పెట్టుకుని, నాకు చెప్పనే లేదే!" అంది. యేసయ్యతో ఆవిడ అలాగే మాట్లాడేది, పక్కింటాయన్ని నిలదీసినట్టు.

అప్పుడు తాతయ్య అన్నాడు, "ఇది కాదే."

ఆ హోరులో మాకు సరిగ్గా వినపడలేదనుకున్నాం. ఆయన మళ్ళీ అన్నాడు. "నేను చూసింది ఇది కాదు. ఇది కదులుతుంది. నాది కదల్దు. దీని రంగు చూడు, మట్టి రంగు, తెలుపు. నాది నీలం. నువ్వన్నదే నిజం. అది మబ్బో, పొగో, నా కళ్ళో" అని, ఇసకలో కూలబడ్డాడు.

ఓడించడానికే కదా అమ్మమ్మ ఇంతదూరం తీసుకొచ్చింది! గెలిచింది కదా! తీరా చూస్తే ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. గబగబా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏటి కాదు? ఇదేనయ్యా సముద్రం! సముద్రం కాకపోతే ఇదేటి, కాలవా? దూరంగా చూడు, అదిగో, ఆ చివర నీలంగా లేదూ?"

"లేదే. నన్ను మభ్యపెట్టకు."

"ఉంది! నీ కళ్ళకేమైంది? పాపా, నువ్వు చెప్పు, నీలంగా ఉందా లేదా?"

నేను ఉందన్నాను. తమ్ముడూ ఉందన్నాడు. ఆయన మా తలలు నిమిరి ఊరుకున్నాడు. పిల్లలం కదా, అమ్మమ్మ ఏమనమంటే అదే అంటామని ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళు సముద్రం కాదు కాదన్న మనిషి ఇప్పుడు సముద్రమే సముద్రమే అని బతిమాలుతుంటే, ఔనని ఒప్పుకోని మొగుడు. ఇంకెక్కడైనా అయితే నాకు నవ్వొచ్చేది.

ఎంతసేపటికో ఆయనే అన్నాడు. "నేల మీంచి కాదే. నేను నేల మీంచి చూళ్ళేదు కదా."

దిబ్బకి వెనక, చేపలవాళ్ళ పాకల దగ్గర కొబ్బరిచెట్లు కొన్ని ఉన్నాయి. సముద్రపు గాలికి అన్నీ ఒంగిపోయాయి, ఒక్కటి మాత్రం నిటారుగా ఎదిగింది. దాని కింద ఒక ముసలావిడ మెత్తళ్ళు ఎండబెట్టుకుంటూ, కర్రతో కాకుల్ని తోలుతోంది. ఆ చేపల వాసనకి మా తమ్ముడు ముక్కు మూసుకుంటే ఆవిడ అదే కర్ర వాడి వైపు కూడా చూపించింది. తాతయ్య ఆవిడ దగ్గరకెళ్ళి, "చెట్టెక్కచ్చాండీ? కాయల కోసం కాదండీ, చూడ్డానికి" అన్నాడు.

ఆవిడ ఆయన్ని, ఆయన మోకాలిని, మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఎక్కండి. ఎలాగూ ఎక్కుతారు గాబట్టి నాలుక్కాయలు దింపెట్టండి. నెల్నుంచీ దింపోడు రాలేదు" అంది.

"ఎక్కడానికి వీల్లేదు!" అంది అమ్మమ్మ. "డాక్టరుగారు ఏం చెప్పేరు? పడితే ఈ ఇసకలోనే పాతిపెట్టుకోవాలి నిన్ను. పద పోదాం."

ఆయన ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు, అంతే. అమ్మమ్మ ఏమేమో అంది, తిట్టింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ముసలావిడ పాకలోంచి ఒక తాడు తెచ్చిస్తే లాక్కుని, రెండు చేతుల మధ్య సాగదీసి చూసి, "ఇది తాడేనా? దీన్ని నమ్ముకుని మనిషెక్కుతాడా?" అని విసిరేసింది. తర్వాత ఇసకలో కూర్చుని మా చాప చుట్టకి కట్టిన తాడు ముడులు విప్పడం మొదలెట్టింది. దుప్పట్లన్నీ ఇసకపాలయ్యాయి. తన తాడునే బంధంగా ముడేసి, ఆయన కాళ్ళకి తనే తొడిగింది. "సగందాకా ఎక్కి మోకాలు పట్టేత్తే దిగిపో. నా మీద ఒట్టు" అంది.

తాతయ్య చెట్టుకి దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. ఎన్నోసార్లు చూశాను ఆయన ఎక్కడం, కానీ కింద నిలబడి భయంతో చూడటం అదే మొదలు. చేతులు పైకి, కాళ్ళు పైకి, మళ్ళీ చేతులు. సగంలో ఆగాడు. కుడికాలు వణుకుతోంది, కింద మాకు కూడా తెలుస్తోంది. అమ్మమ్మ చెట్టు మొదలుని రెండు చేతులా కావలించుకుని కళ్ళు మూసుకుంది, చెట్టు పడిపోకుండా ఆపుతున్నట్టు. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. దగ్గరకెళ్ళి వింటే, "ఎక్కు, ఎక్కు, ఎక్కేయ్" అంటోంది.

ఎక్కేశాడు. మట్టల్లోకి వెళ్ళిపోయాడు. పాదాలు మాత్రం కనబడుతున్నాయి. ఎంతకీ మాట లేదు. అలల హోరు, మట్టల గలగల, అంతే.

"ఏవయ్యా!" అని అరిచింది అమ్మమ్మ, ఇక ఆగలేక. "ఏం కనపడతంది?"

తర్వాత ఒక్కసారిగా, ఆ వేసవంతా గొంతెత్తని మా తాతయ్య పైనుంచి కేక పెట్టాడు.

"ఉందే! ఇదేనే! ఆ చివర... నీలంగా... కదలకుండా ఉందే! అదేనే నేను చూసింది!"

అమ్మమ్మ చెట్టు మొదట్లో చతికిలబడి ఏడుపందుకుంది. ముసలావిడకి ఏమీ అర్థం కాకపోయినా తనూ కళ్ళు తుడుచుకుంది. తమ్ముడూ నేనూ ఇసకలో పడి దొర్లాం.

ఆయన వెంటనే దిగలేదు. మెల్లగా అటు తిరిగి, వచ్చిన వైపు చాలాసేపు చూశాడు. మాటిచ్చినట్టే కాయలు దింపాడు. దిగొచ్చాక మేమే పట్టుకుని కూర్చోబెట్టాం. ముసలావిడ బొండాం కొట్టిస్తే తాగి, ఊపిరి తీసుకుని, అమ్మమ్మతో అన్నాడు. "మనూరి వేపు కూడా చూసేనే. చెట్లన్నీ కలిసిపోయి అదీ ఓ నీలం గీతే. కదలకుండా ఉంది. అక్కడ ఇంత గొడవపడ్డామా మనం అనిపించింది."

అమ్మమ్మ ఆయన మోకాలు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనెతో రుద్దుతూ కూర్చుంది. నూనె ముసలావిడదే. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. అమ్మమ్మ చీర మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని నీళ్ళలోకి దిగి, అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేకలు పెట్టింది. తమ్ముడు మెత్తళ్ళ గంపలో బతికున్న పీతని వేసి ముసలావిడ చేత కర్రదెబ్బ తిన్నాడు. ఆవిడ మాకు అన్నం పెట్టింది, పడుకోమని పాక ఇచ్చింది. ఎవరి తాలూకా అని మాత్రం అడగనే లేదు. అలా అడగని మనిషిని మా వైపు నేను చూడటం అదొక్కసారే.

మర్నాడు వెనక్కొచ్చేటప్పుడు మళ్ళీ పంటి. పగలంతా ఎండలో తిరిగి నలుగురం నల్లగా కమిలిపోయి ఉన్నాం. తాతయ్య సైకిళ్ళ పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు. గొడుగేసుకున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, అలవాటు ప్రకారం, "ఎవరి తాలూకా అండీ? ఎక్కణ్ణించొత్తున్నారు?" అని అడిగాడు.

ఊరు, పేట, చెల్లెలు, అన్నీ చెప్పింది అమ్మమ్మ. చెప్పి, "కరవాక ఎళ్ళొత్తున్నామండీ. సముద్రం చూడ్డానికి" అంది.

"ఆయ్. అందరూ మొదటిసారా అండీ చూడ్డం?"

తాతయ్య ఏదో చెప్పబోయాడు. అమ్మమ్మ ఆయన్ని చెప్పనివ్వలేదు.

"నేనూ పిల్లలూ మొదటిసారండీ. మా ఆయన పెళ్ళైన కొత్తల్లోనే చూసేరు. నాకు చూపిద్దావని తీసుకొచ్చేరు" అంది.

పెద్దాయన తాతయ్యకేసి గౌరవంగా తలూపాడు. తాతయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఇంకా చాలా ఏళ్ళు బతికారు, ఇంకా చాలా విషయాల మీద పోట్లాడుకున్నారు. కానీ సముద్రం మాటెత్తి ఎవరేమడిగినా, పోయేదాకా అమ్మమ్మ అదే చెప్పింది. ఇప్పుడు నేనూ మా మనవరాలికి అలాగే చెప్పాను.